ఈ ఏడాది మీ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం ఎంతెంత?

కాగితంపడవ
డిసెంబర్ 28, 2025, రాత్రి 8:40

ఉగాది రోజు పంచాంగ శ్రవణంలో గ్రహాల సంగతీ, నవనాయకుల సంగతీ చెబుతున్నంతసేపు మా ఇంట్లో ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటారు. ఆదాయ వ్యయాలు మొదలవగానే అందరూ టీవీ ముందు చేరతారు. మొన్న ఉగాదికి మా రాశికి ఆదాయం 2, వ్యయం 14 అన్నారు. "ఇది చెప్పడానికి పంచాంగం ఎందుకు, మీ పాస్‌బుక్ చూస్తే చాలదూ" అంది మా ఆవిడ.

వచ్చే ఏడాదికి చెప్పే ఈ నాలుగు లెక్కలూ గడిచిన ఏడాదికి మనమే వేసుకుంటే ఎలా ఉంటుందా అని ఇవాళ కూర్చుంటే తోచింది. ఆదాయం అంటే జీతమే కానక్కర్లేదు, కొత్తగా వచ్చి చేరింది ఏదైనా సరే. పోయింది వ్యయం. ఎక్కడో మర్యాద దక్కి ఉంటుంది, అది రాజపూజ్యం. అవమానం సంగతి నేను చెప్పక్కర్లేదు. చివర్లో వచ్చే ఏడాదికి ఒక్కటంటే ఒక్క పని రాయండి, పది వద్దు. ఇక్కడ అసలు పేర్లతో ఎవరమూ లేం కాబట్టి ధైర్యంగా రాయొచ్చు.

మిర్చిబజ్జి
డిసెంబర్ 28, రాత్రి 9:02

బోణీ నాదే.

ఆదాయం: 6. కిలోలు అన్నమాట.
వ్యయం: జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాను, 18 వేలు. వెళ్లింది 11 రోజులు. రోజుకు 1,636 రూపాయలు పడింది. ఆ రేటుకి ట్రెడ్‌మిల్ ఇంటికి తెచ్చుకోవాల్సింది.
రాజపూజ్యం: జిమ్ ట్రైనర్ ఇప్పటికీ ప్రతి పండక్కీ మెసేజ్ పెడతాడు.
అవమానం: ఆఫీసు లిఫ్ట్ ఓవర్‌లోడ్ అని మోగితే ఎనిమిది మందీ నా వైపే చూశారు. ఆఖరున ఎక్కింది నేను కాదు.
వచ్చే ఏడాది: మళ్లీ జిమ్. నవ్వకండి.

చైత్రం
డిసెంబర్ 28, రాత్రి 9:31

ఆలోచన బాగుంది, సమయమే బాగాలేదు. విశ్వావసు నామ సంవత్సరం ఇంకా నడుస్తోంది. మార్చి 19న ఉగాది, పరాభవ నామ సంవత్సరం అప్పుడు వస్తుంది. మధ్యలో లెక్క మూసెయ్యడం ఏమిటి?

ఇంకో సంగతి. ఇంగ్లండులోనే 1752 దాకా కొత్త ఏడాది అధికారికంగా మార్చి 25న మొదలయ్యేది, జనవరి 1న కాదు. అంతకుముందే చేసిన చట్టం ప్రకారం ఆ ఏడాది నుంచి మార్చుకున్నారు. వాళ్లు మధ్యలో మార్చుకున్న తేదీకి మనం తీర్మానాలు చేసుకోవడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

మిర్చిబజ్జి
డిసెంబర్ 28, రాత్రి 9:34

పరాభవ అంటేనే అవమానం కదా? అంటే వచ్చే ఏడాదంతా మెట్లెక్కడమే మంచిది.

పాతచిట్టా
డిసెంబర్ 28, రాత్రి 10:15

చైత్రం గారి మాట నాకు నచ్చింది కానీ కారణం వేరు.

తణుకు దగ్గర ఒక రైసుమిల్లులో నేను 31 ఏళ్లు గుమస్తాగా చేశాను. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు, మాకు ముఖ్యంగా రెండు పుస్తకాలుండేవి. చిట్టా అంటే రోజువారీ పుస్తకం. ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత పట్టుకెళ్లారు, జరిగింది జరిగినట్టు ఆ రాత్రికే రాయాలి. ఆవర్జా అంటే చిట్టాలోంచి ఒక్కో మనిషి పేరు మీద విడదీసి ఖాతాకు ఎక్కించేది. చిట్టా లేకుండా ఆవర్జా రాస్తే అది లెక్క కాదు, కథ.

మీరంతా ఇక్కడ చిట్టా లేకుండా ఆవర్జా రాస్తున్నారు. డిసెంబర్ ఆఖరున కూర్చుని ఏడాదంతా తలచుకుంటే గుర్తొచ్చేది దీపావళి తర్వాతి సంగతులే. ఫిబ్రవరిలో ఏం చేశారో చెప్పమంటే తెల్లమొహం వేస్తారు. ఫోన్లో ఫొటోలు జనవరి నుంచి నెలనెలా చూసుకుంటూ రండి. బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. మందుల చీటీలు, బస్సు టికెట్లు, కరెంటు బిల్లులు కూడా. మీకు తెలియకుండా మీరు రాసుకున్న చిట్టా అదే.

ఇంకొకటి. ఉగాదికి కొత్త పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టి, పైన శ్రీ రాసి, ముందుగా ఎక్కించేది వెనకటి నిలవ. పాత పుస్తకంలో మిగిలింది, బాకీ పడింది, అంతా తెచ్చి కొత్త పుస్తకం మొదట్లో రాయాల్సిందే. అది తేకుండా కొత్త పేజీ మొదలెడతానంటే మా షావుకారు పుస్తకం లాక్కునేవాడు. "ఏడాది మారితే అప్పు మారుద్దా" అనేవాడు.

నా లెక్క ఇదీ. ఆదాయం: మనవరాలికి 20వ ఎక్కం దాకా వచ్చింది. వ్యయం: ఎడమ కంట్లో శుక్లం, తీయించేశాను. రాజపూజ్యం: మందుల షాపులో కుర్రాడు బిల్లు తప్పు కూడితే నోటితోనే సరిచేశాను, నోరెళ్లబెట్టాడు. అవమానం: మర్నాడు అదే కుర్రాడికి 100 అనుకుని 500 కాగితం ఇచ్చి వచ్చేశాను, వాడే పిలిచి వెనక్కిచ్చాడు. వచ్చే ఏడాది రెండో కన్ను.

లెక్కలపురుగు
డిసెంబర్ 29, ఉదయం 7:20

నేను మనస్తత్వశాస్త్రం చదువుతున్నాను, కాబట్టి మిర్చిబజ్జి గారి జిమ్ సంగతి నా సబ్జెక్టు కిందికి వస్తుంది.

ఏ అలవాటైనా 21 రోజుల్లో కుదురుతుందని అందరూ అంటారు. ఆ అంకె మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన మాటలోంచి పుట్టింది. ఆపరేషన్ అయ్యాక కొత్త మొహానికి అలవాటు పడడానికి రోగులకు కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు. కనీసం అన్న మాట దారిలో జారిపోయింది, మొహం పోయి జిమ్ వచ్చింది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే, మంచినీళ్లు తాగడమో కాస్త పరుగెత్తడమో తలచుకోకుండానే చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18, ఇంకొకరికి అంచనా మీద 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. చాలామంది మానేసేది ఆ ఒక్క రోజు తప్పగానే.

ఇంకోటి, అందరూ వచ్చే ఏడాదిని కళ్లకు కట్టినట్టు ఊహించుకోమంటారు కదా. గాబ్రియేల్ ఓటింజెన్ దీని మీద ఏళ్ల తరబడి పనిచేసింది. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన ఆడవాళ్లను ఏడాది పాటు చూస్తే, సన్నబడిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్లే తక్కువ తగ్గారు. ఊహలోనే తిన్నంత తృప్తి వచ్చేస్తే ఇక వండుకోబుద్ధి కాదు. అడ్డం వచ్చేది ఏమిటో కూడా పక్కన పెట్టుకుని ఊహించుకోవాలంటుంది ఆమె. ఆమె భర్త పీటర్ గోల్‌విట్జర్ కనిపెట్టింది ఇంకా తేలిక: 'ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను' అని ముందే రాసుకోవడం. రోజూ వ్యాయామం చేస్తాను అని కాదు, ఆఫీసు బ్యాగు కింద పెట్టగానే బూట్లు వేసుకుంటాను అని. (వాళ్లింట్లో తీర్మానాలు ఎవరు రాస్తారో!)

గోరింటాకు
డిసెంబర్ 29, మధ్యాహ్నం 2:48

జగిత్యాల నుంచి. ఇంట్లో అందరూ తిని పడుకున్నాక రాస్తున్నా.

41 ఏళ్లకు ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్షలు రాశాను. మా బిడ్డ ఇంటర్ సెకండియర్. ఒకే టేబుల్ మీద ఇద్దరం చదివినం. ఆదాయం కింద నాలుగు సబ్జెక్టులు వేసుకోండి. వ్యయం కింద ఇంగ్లీషు, అది ఒక్కటే పోయింది.

పరీక్ష రోజు గేటు దగ్గర ఉన్నాయన నన్ను ఆపి "పాపను లోపలికి పంపించి మీరు చెట్టు కింద కూర్చోండమ్మా" అన్నాడు. హాల్ టికెట్ చూపిస్తే రెండుసార్లు ఫొటో చూసి, నా మొహం చూసి, పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇది అవమానంలో రాయాలా, రాజపూజ్యంలో రాయాలా ఇప్పటికీ తెలుస్తలేదు. రెండిట్లో సగం సగం వేయండి.

లెక్కలపురుగు తమ్ముడూ, నీ పద్ధతి ఏ పేరూ తెలియకుండానే నేను చేస్తున్నా. కుక్కర్ పెట్టగానే పుస్తకం తీస్తా. మూడు విజిల్స్ వచ్చేలోపు ఐదు ఇంగ్లీషు మాటలు. పప్పు రోజు ఏడు.

కాగితంపడవ గారూ, అందరినీ రాయమని మీది రాయలేదేంటి?

కాగితంపడవ
డిసెంబర్ 29, సాయంత్రం 6:10

రాస్తానండీ. అతిథులు తిన్నాకే కదా ఇంటివాడు కూర్చునేది.

నల్లరేగడి
డిసెంబర్ 29, రాత్రి 9:50

మాది పల్నాడు. నేను ఆదాయం గడి దగ్గరే ఆగిపోయాను.

మూడెకరాల మిర్చి, అందులో రెండు కౌలు. ఒకప్పుడు క్వింటా 20 వేలు దాటిన ధర చూశాం. ఈ ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్రం 11,781 ప్రకటించింది. ఆ అంకె నా ఫోన్ నంబర్ కన్నా బాగా గుర్తుంది నాకు. సరేలే, ఈ సీజన్ చూద్దాం అని మళ్లీ నాటితే అక్టోబర్ ఆఖరున మొంథా తుఫాను. చేలో నాలుగు రోజులు నీళ్లు నిలిచాయి, వేరుకుళ్లు వచ్చింది.

వచ్చే ఏడాది ఎదుగుదల గురించి అందరూ రాస్తున్నారు. వాన, ధర, వడ్డీ. ఈ మూడిట్లో ఏదీ నా చేతిలో లేదు. నేనేం రాయాలి?

లెక్కలపురుగు
డిసెంబర్ 29, రాత్రి 10:05

బాధగా ఉందండీ. కానీ మన చేతిలో లేనివి పక్కన పెట్టి, ఉన్నవాటి మీద దృష్టి పెడితే మనసుకు తేలికగా ఉంటుంది. మీ చేతిలో ఉన్నవి ఒక కాగితం మీద రాసి చూడండి.

నల్లరేగడి
డిసెంబర్ 29, రాత్రి 10:11

చేతిలో ఉన్నది ప్రామిసరీ నోటు తమ్ముడూ. అది ఆల్రెడీ కాగితం మీదే ఉంది.

లెక్కలపురుగు
డిసెంబర్ 29, రాత్రి 10:30

క్షమించండి. తొందరపడ్డాను.

చైత్రం
డిసెంబర్ 30, ఉదయం 6:45

నల్లరేగడి గారూ, కౌలు కార్డు తీసుకున్నారా? 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు పత్రం. పదకొండు నెలలే చెల్లుతుంది, ప్రతి ఏడాదీ కొత్తది తీసుకోవాలి. భూమి యజమాని సంతకం దగ్గరే చాలామందికి ఆగిపోతుంది, నాకు తెలుసు. అయినా అడగండి.

నల్లరేగడి
డిసెంబర్ 30, రాత్రి 8:20

అడిగాం. సంతకం పెడితే పొలం పోద్దని భయం ఆయనకి. మళ్లీ అడుగుతాను, వాళ్లబ్బాయి సంక్రాంతికి వస్తాడు, వాడు కాస్త చదువుకున్నాడు.

నిన్న రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. వచ్చే ఏడాది ఒక ఎకరం మిర్చి మానేసి శనగ వేస్తాను. పెట్టుబడి బాగా తగ్గుద్ది, పోయినా అంత పోదు. దీన్ని ఎదుగుదల అనరు, తగ్గడం అంటారు. నా ఒక్క పని ఇదే, రాసుకోండి.

పాతచిట్టా
డిసెంబర్ 30, రాత్రి 8:52

రాసుకున్నాను. మా షావుకారు బతికుంటే మీకు కుర్చీ వేసేవాడు.

ఎడారిమబ్బు
డిసెంబర్ 30, రాత్రి 11:58

రాయచోటి నుంచి వచ్చి కువైట్‌లో డ్రైవర్‌గా తొమ్మిదేళ్లు. ఇక్కడ ఇంకా తొమ్మిదిన్నరే, సేఠ్ వాళ్లు పెళ్లిలో ఉన్నారు, నేను కారులో ఉన్నా.

ఆదాయం: ఊళ్లో ఇంటికి స్లాబు పడింది. వీడియో కాల్లో చూశా. మా నాన్న ఫోను సరిగా పట్టుకోలేక ఆకాశమే ఎక్కువ చూపించినాడు.
వ్యయం: ఆ స్లాబు కింద నేను ఒక్క రాత్రి పడుకోలేదు.
మిగతా రెండూ రాయను అన్నా.
వచ్చే ఏడాది: ఉగాదికి ఇంట్లో ఉండాల.

చైత్రం
డిసెంబర్ 31, ఉదయం 6:30

తమ్ముడూ, ఈసారి ఉగాది, రంజాన్ పండుగ ఒకదాని పక్కన ఒకటి వస్తున్నాయి. అందరూ అప్పుడే బయల్దేరతారు, టికెట్ ధర కొండెక్కుతుంది. ఇవాళే కొనెయ్యి. ఉగాది దాకా ఆగమని అందరికీ చెప్పేవాణ్ణి, నీకు మాత్రం ఆగొద్దంటున్నా.

గోరింటాకు
డిసెంబర్ 31, సాయంత్రం 5:15

కాగితంపడవ గారూ, అతిథులందరూ తిని చేతులు కూడా కడిగేసుకున్నారు.

కాగితంపడవ
డిసెంబర్ 31, రాత్రి 10:37

సరే.

విజయనగరం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదాయం: పాత బండి అమ్మి కొత్తది కొన్నాను. వ్యయం: జుట్టు. రాజపూజ్యం: పదో తరగతిలో నా సబ్జెక్టు అందరూ పాసయ్యారు, సెప్టెంబర్ 5న శాలువా కప్పారు. ఈ మూడూ 28వ తేదీ రాత్రే రాసి పెట్టుకున్నాను. నాలుగోది రాయలేక నాలుగు రోజులుగా మీవి చదువుతూ కూర్చున్నాను.

నాకు ఎవరూ అవమానం చేయలేదు. నేను చేశాను. పంచాంగంలో దానికి గడి లేదు.

జూలైలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు వరసగా ఐదు రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఐదో రోజు గుమ్మంలో నిలబెట్టి "మీ ఇంట్లో గడియారం లేదా, ఉన్నా చూడ్డం రాదా" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వించడం నాకు బాగా వచ్చు. నవ్వు ఆగకముందే ఇంకో రెండు మాటలన్నాను, అవి ఇక్కడ రాయలేను. వాడు ఏమీ అనలేదు. బ్యాగు కూడా దించకుండా పీరియడ్ అంతా అక్కడే నిలబడ్డాడు, నేను కూర్చోమనడం మర్చిపోయాను.

తెల్లారుజామున పాల ప్యాకెట్లు వేసి వస్తున్నాడని మధ్యాహ్నం వేరే పిల్లలు చెప్పారు. రేపు పిలిచి మాట్లాడదాం అనుకున్నాను. రేపు వాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆగస్టులో ఒకసారి ఇల్లు కనుక్కుని వెళ్లాను. సందు మొదట్లో బండి ఆపి, కాసేపు నిలబడి, తిప్పుకుని వచ్చేశాను. శాలువా కప్పినప్పుడు ఫొటోలో నా వెనక తొమ్మిదో తరగతి పిల్లలున్నారు. పాతచిట్టా గారు చెప్పినట్టు ఫోన్లో ఫొటోలు నెలనెలా చూస్తుంటే అది తగిలింది.

వెనకటి నిలవ అన్నారు కదా, అది ఇదే.

మిర్చిబజ్జి
డిసెంబర్ 31, రాత్రి 10:49

సార్, నేను పేపర్లు వేసి స్కూలుకి వెళ్లినవాణ్ణే. మా సార్ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అసలు నేను ఆలస్యంగా వచ్చానని కూడా చూసేవారు కాదు. ఏది నయమో నాకు తెలీదు. వెళ్లండి. ఏం మాట్లాడాలో తయారు చేసుకుని మాత్రం వెళ్లకండి, మీరు బాగా మాట్లాడతారు కాబట్టి చెబుతున్నా.

గోరింటాకు
డిసెంబర్ 31, రాత్రి 10:55

ఇల్లు తెలుసు కదా. ఎప్పుడు పోతున్నరు?

కాగితంపడవ
డిసెంబర్ 31, రాత్రి 11:20

ఆదివారం, 4వ తేదీ, ఉదయం 10 గంటలకు. లెక్కలపురుగు గారి పద్ధతిలో రాస్తున్నా: సందు మొదలు రాగానే బండి ఆపను, ఇంటి ముందే ఆపుతాను.

కాగితంపడవ
జనవరి 4, 2026, మధ్యాహ్నం 1:05

వెళ్లాను. ఇంటి ముందే ఆపాను. తాళం వేసి ఉంది.

పక్కింటి ఆవిడ బియ్యం ఏరుకుంటూ అరుగు మీద కూర్చుని ఉంది. దసరా అయ్యాక కుటుంబమంతా విజయవాడ వైపు బిల్డింగ్ పనులకు వెళ్లారట. కుర్రాడు కూడా పనికే వెళ్తున్నాడట. సంక్రాంతికి వస్తారంది. నేను ఎవరో చెప్పకముందే "లెక్కల సారేనా మీరు?" అని అడిగింది.

అవునన్నాను. ఇంకేం అనలేదు ఆవిడ. బియ్యం ఏరుకుంది.

గోరింటాకు
జనవరి 4, మధ్యాహ్నం 2:30

బాబు మళ్లీ బడికి రానంటే బలవంతం చేయకండి. మీ దగ్గర కూడా ఓపెన్ స్కూల్ ఉంది, 14 నిండితే పదో తరగతి రాయొచ్చు. పని చేసుకుంటూ చదవొచ్చు, నేనే సాక్ష్యం. కానీ అది తర్వాతి మాట. ముందు ఆ ఫారం చేతిలో పట్టుకుని పోకండి.

పాతచిట్టా
జనవరి 4, సాయంత్రం 4:10

భోగినాడు వెళ్లకండి, మంట దగ్గరా పిండివంటల దగ్గరా ఎవరి పనిలో వాళ్లుంటారు. పెద్ద పండగనాడు పెద్దలకు పెట్టుకుంటారు, అప్పుడూ వద్దు. కనుమనాడు వెళ్లండి. కనుమనాడు కాకైనా కదలదంటారు, తిరుగు ప్రయాణం పెట్టుకోరు, ఇంట్లోనే దొరుకుతారు. మీది ఊళ్లోనే కాబట్టి దోషం లేదు.

మిర్చిబజ్జి
జనవరి 4, సాయంత్రం 4:26

జిమ్: జనవరి 1, 2 వెళ్లాను. 3 తప్పింది. ఇవాళ మళ్లీ వెళ్లొచ్చాను. ఎవరూ అడగలేదు, చెబుతున్నా అంతే.

ఎడారిమబ్బు
జనవరి 4, రాత్రి 9:40

టికెట్ కొన్నా. మార్చి 16.

కాగితంపడవ
జనవరి 4, రాత్రి 10:02

కనుమ, 16వ తేదీ. పక్కింటి ఆవిడ నంబర్ అడిగాను, ఇవ్వలేదు. నాది తీసుకుని కొంగున ముడేసుకుంది. వాళ్లు దిగిన రోజే ఫోన్ చేయిస్తానంది.